రొక్కాస్పెరాకి నిప్పు పెట్టిందెవరు

ట్రేసర్ తెరమీద మంట వెనక్కి నడుస్తోంది. ఊరి ద్వారం నుంచి సంత వీధికి, సంత వీధి నుంచి ఒక రొట్టెల పొయ్యిలోకి. అక్కడ ఆగిపోయింది.

డాక్టర్ హైమవతి మళ్లీ నడిపి చూసింది. అదే పొయ్యి.

ఇటలీలో రొక్కాస్పెరా అనే ఈ కొండ ఊరికి ఉన్న ఆస్తల్లా కూలిన గోడలూ, కోపమూ. రెండు వేల ఏళ్ల కిందట లోయలోని వాల్మోరా వాళ్లు వచ్చి తగలబెట్టారట. అందుకని ఏటా ఊరంతా శిథిల ద్వారం దగ్గర చేరి లోయవైపు ఉమ్ముతుంది. అదే రోజు లోయవాళ్లు విజయోత్సవమని పంది మాంసం తింటారు. చరిత్రంటే వీళ్లకింతే. మ్యూజియం తాళం తుప్పు పట్టి ఎన్నాళ్లయిందో ఎవరికీ పట్టలేదు.

ట్రేసర్ చేసేది చిన్న పని. రాయి కాలినప్పుడు ఏ పక్క ముందు వేడెక్కిందో ఆ గుర్తు దాని స్ఫటికాల్లో ఉండిపోతుంది. వేల రాళ్ల గుర్తులు కలిపితే మంట ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది.

దాన్నీ, దాన్ని నడిపే హైమవతినీ రప్పించింది మేయర్ ఎర్కొలే కూతురు ఫియొరెల్లా. లోయ కుర్రాడు సాండ్రోనే చేసుకుంటానని పట్టుపట్టింది. "వాళ్లు తగలబెట్టలేదని తేలితే ఒప్పుకుంటావా నాన్నా?" అంటే, తేలదన్న ధీమాతో "తేలనీ" అన్నాడు.

తేలింది.

"ద్వారం అన్నిటికన్నా చివర కాలిందండీ," అంది హైమవతి. "గడియ దూరే కన్నంలో రాయికి సెగే తగల్లేదు. అంటే గడియ వేసే ఉంది. బయటివాళ్లెవరూ లోపలికి రాలేదు."

"అయితే ఇన్నేళ్లూ మేం ఎవరిమీద ఉమ్మినట్టు?" అన్నాడు ఎర్కొలే.

"ఎదురుగాలి ఉన్న రోజున మీమీదే."

కబురు లోయకి పాకింది. సాండ్రో తండ్రి గస్పారె రొప్పుతూ కొండెక్కి వచ్చాడు.

"మా తాతలు జయించలేదా? బూడిద చూసి ఇంటికెళ్లిపోయారా? రొట్టె మాడ్చుకుని ఊరు కాల్చుకున్న వాళ్ల పిల్ల మాకొద్దు."

ఎర్కొలేకి ప్రాణం లేచొచ్చింది. "ఆవిడకేం తెలుసు బావగారూ. తగలబెట్టింది మీవాళ్లే."

"నిలువునా," అన్నాడు గస్పారె, తృప్తిగా.

హైమవతి ఫియొరెల్లా వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పు. నిజం కావాలని పిలిచింది నువ్వేగా."

"నాకు సాండ్రో కావాలి మేడమ్. మిషన్ పొరబడిందని ఒక్క మాట అనేయండి."

హైమవతి అనలేదు. ఆమె తరఫున వాళ్లే అనుకుని, మర్నాడు బస్సెక్కించేశారు.

పెళ్లి చర్చిలో జరిగింది. ఎర్కొలే పెట్టిన షరతు ప్రకారం, తన పూర్వీకులు పెట్టని నిప్పుకి సాండ్రో అందరి ముందూ క్షమాపణ అడిగాడు. ఫియొరెల్లా క్షమించింది. రెండూళ్లూ కళ్లు తుడుచుకున్నాయి. వెనక వరసలకి వినపడలేదంటే, పాపం, ఇంకోసారి అడిగాడు.