తొందరపడ్డ చుక్క

"ఇదేం రక్తమండీ, ఇంత తడిగా పంపారు?"

ప్రసూతి వార్డు నర్సుని మొదటిసారి ఫోన్‌లో కసిరింది నేనే.

"మీ ఊళ్ళో రక్తం పొడిపొడిగా వస్తుందేంటండీ?" అని ఠక్కున ఫోన్ పెట్టేసింది. నాకు దిమ్మ తిరిగింది. నా పని ఆ రోజే అయిపోయింది.

నేను ల్యాబ్‌లో తల్లులకీ పుట్టిన బిడ్డలకీ థైరాయిడ్ పరీక్షలు చేస్తాను. బిడ్డ మడమ మీద గుచ్చి, రక్తపు చుక్కలు కార్డు మీద పట్టి, ఆరబెట్టి పంపడం ఆమె పని. ఆ తర్వాత ఆమె కార్డుల్లో ఒక్క తప్పు దొరికితే ఒట్టు. బిడ్డకి రెండు రోజులు నిండకుండా ఎవరైనా సూది పట్టుకుంటే కళ్ళెర్రజేసేది. ఆస్పత్రిలో అందరూ ఆమెను సిస్టర్ అంటారు. నేనొక్కడినే మేడం అంటాను. కారణం వేరే చెప్పాలా?

ఆ ఉదయం ఒక కార్డు రిజల్టు చూసి గుండె జారిపోయింది. థైరాయిడ్‌ని పనిచేయించే టీఎస్‌హెచ్ హార్మోన్ ఆకాశంలో ఉంది. బిడ్డ థైరాయిడ్ పనిచేయకపోతే అలా ఉంటుంది. సమయానికి మందు పడకపోతే మెదడు ఎదగదు. కార్డు మీద తల్లి పేరు చూశాను. "అక్క కాన్పు, అక్క కాన్పు" అని నెల్లాళ్ళుగా మేడం నా చెవులు హోరెత్తించిందే, ఆ అక్కే.

ఫోన్‌లో చెప్పే మాట కాదు. వార్డుకి పరిగెత్తాను.

"ల్యాబ్ దొరగారు స్వయంగా వేంచేశారే! ఏం తడిసింది?"

"మేడం... మీ అక్క బాబుకి ఎక్కువొచ్చింది."

ఆమె ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"ఎప్పుడు తీశారు?" అని అడిగాను.

"పుట్టిన సాయంత్రమే. అక్కకి థైరాయిడ్ ఉందిగా, బాబుకీ వచ్చిందేమోనని ఒకటే ఏడుపు. చూడలేకపోయాను."

నేను నోరు తెరిచేశాను. "మీరా!"

"తిట్టండి."

"పుట్టగానే ఏ బిడ్డకైనా ఒక్కసారి పెరిగి తర్వాత దిగుతుందని నాకు నేర్పిందే మీరు. ఇది అదో, నిజంగా జబ్బో మళ్ళీ చూస్తేగానీ చెప్పలేను."

రెండు రోజులు నిండాక కొత్త కార్డూ, తల్లి రక్తమూ ఆమే తెచ్చి నా వెనకే నిలబడింది.

"కాస్త దూరం జరగండి, మెషిన్ భయపడుతుంది," అన్నాను. భయం నాది.

అంకె వచ్చింది. మళ్ళీ చూశాను.

"నార్మల్. బాబుకీ, మందు వేసుకుంటున్న మీ అక్కకీ."

ఆమె స్టూలు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. అలా ఏడుస్తూనే అక్కకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"నార్మలేనక్కా!"

"మా మరిదిగారి నోట్లో పంచదార పొయ్య! ఏడీ, ఒకసారి ఫోనివ్వు."

నా నెత్తిన పిడుగు పడింది.

"మరిదెవరు?" అన్నాను.

ఏడుపు టక్కున ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి. "మిమ్మల్నే చేసుకుంటానని ఇంట్లో చెప్పేశాను. అమ్మా నాన్నా సరేనన్నారు. మీకు చెప్పడం ఒక్కటే మిగిలింది."

చేతిలో ఉన్న కార్డుని రెండుసార్లు తిరగేశాను.

"ఒప్పుకున్నాడా లేదా?" అవతలి నుంచి అక్క.

ఆమె తల దించుకుంది. ఇన్నాళ్ళూ నన్ను దులిపేసిన మనిషి, నా జవాబు కోసం వణికిపోతోంది.

"ఒప్పుకున్నాను వదినా!" అని అరిచాను.

అవతల బిడ్డ కేరుమన్నాడు. ఆమె నవ్వుతూ, ఏడుస్తూ నా చొక్కా చెయ్యి పట్టుకుని ఇక వదల్లేదు.