మేస్త్రి గారి రీడింగ్

తెల్లవారితే ఆ ఇంట్లో ముందు వినపడేది రంపం చప్పుడు. ఆ వెంటనే కూతురి గొంతు.

"నాన్నా, షుగర్ చూసుకున్నావా?"

పెరట్లో షెడ్డు కింద తలుపు చెక్కకి చిత్రిక పడుతున్న వడ్రంగి మేస్త్రి తల ఎత్తలేదు. "చూసుకుంటాలే తల్లీ. ఈ అంచు ఒక్కటీ కానియ్యి."

"తలుపు కాళ్లొచ్చి పారిపోదు. ముందు నీ సంగతి చూడు."

కూతురు హైస్కూల్లో లెక్కల టీచరు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. తండ్రి చేతుల మీద కాయలు తన చదువు తాలూకువేనని ఆమెకి తెలుసు. అందుకే ఆయనకి షుగర్ ఉందని తేలిన రోజు నుంచి ఆ బాధ్యత నెత్తిన వేసుకుంది. మీటరు కొంది, బిస్కెట్ల డబ్బా అటకెక్కించింది, రోజూ రీడింగ్ ఫోన్లో రాసుకుంటోంది. మొదట్లో అంకె పెరిగినప్పుడల్లా ఇల్లు పరీక్ష హాలు అయిపోయేది. "నిన్న సాయంత్రం ఏం తిన్నావు? ఎవరు పెట్టారు? నిజం చెప్పు." ఈమధ్య ఆ గొడవ లేదు. అంకెలు బుద్ధిగా ఉంటున్నాయి.

కాసేపటికి తల్లి మీటరు పట్టుకుని వచ్చింది. "ఇదిగో, నూట పన్నెండు. చాలా?"

"చూశావా నాన్నా! మనసు పెడితే ఎందుకు తగ్గదు?" కూతురి ముఖం వెలిగిపోయింది. "ఇన్సులిన్ మొదలుపెట్టాలని పోయినసారి డాక్టరమ్మ అంది కదా. ఇవాళ ఇవన్నీ చూపించి వద్దనిపిస్తాను."

మేస్త్రి నవ్వాడు. చెక్క మీద తను గీసుకున్న పెన్సిలు గీతని బొటనవేలితో తడుముకుంటూ వెళ్లాడు.

ఆసుపత్రిలో ఇప్పుడు షుగర్ ఉన్నవాళ్లని ఒక్కొక్కరినీ లోపలికి పిలవడం మానేశారు. పదిమందిని ఒకేసారి కూర్చోబెట్టి చూస్తున్నారు. ఆ మాట విన్నప్పుడు మేస్త్రి గింజుకున్నాడు. "నా రోగానికి ప్రేక్షకులు కూడానా?" అని. కూతురికీ నచ్చలేదు. కానీ ఆ డాక్టరమ్మ దొరకాలంటే ఇదొక్కటే దారి.

పెద్ద గది. గుండ్రంగా కుర్చీలు, వాటిలో షుగర్ ఉన్నవాళ్లు. వెనక వరసలో ఇంటివాళ్లు, వాళ్లలో ఈ తల్లీకూతుళ్లు. గోడ మీద తెల్ల బోర్డు. దాని మీద పేర్లు లేవు. ఎవరికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేర్లు, పక్కన ఎవరి అంకెలు వాళ్లవి. బస్సు డ్రైవరు "హారన్" అని పెట్టుకున్నాడు. క్యాంటీన్లో వంట చేసే ఆవిడ "గరిటె". మేస్త్రి కాసేపు ఆలోచించి "రంపం" అన్నాడు.

"వెనక కూర్చున్నవాళ్లు అడిగితేనే మాట్లాడాలి. ఇక్కడ అదొక్కటే రూలు" అంది నర్సు. కూతురు మూతి ముడుచుకుంది.

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని వాళ్ల మధ్యే కూర్చుంది. ముందు గరిటెని పలకరించింది.

"ఏం చెప్పమంటారు డాక్టరమ్మా? ఉప్పు చూడకుండా వంటెలా చేస్తాను? చూస్తూ చూస్తూనే కడుపు నిండిపోతుంది" అందావిడ.

"చెంచాడు చూస్తావా, గిన్నెడు చూస్తావా అక్కా?" అన్నాడు డ్రైవరు. గది గొల్లున నవ్వింది. పక్కనున్న మిఠాయి కొట్టాయన తనదీ అదే అవస్థ అన్నాడు. తన పద్ధతి చెప్పాడు. రుచి చూసే పని కొడుక్కి అప్పజెప్పాడట. డాక్టరమ్మ దాన్ని సరిచేసి ఇద్దరికీ మాత్ర వేళ మార్చింది. ఒకరు అడిగినదానికి ముగ్గురికి జవాబు దొరుకుతోంది. మామూలుగా అయితే గుమ్మం దగ్గర గంటలు కాచుకుని, లోపల నాలుగు మాటలతో బయటపడేవాళ్లు. ఇక్కడ ఎవరికీ తొందరలేదు, ఎవరికీ సిగ్గులేదు. ముక్కు మీద కోపంతో వచ్చిన టీచరమ్మ తనకి తెలియకుండానే ముందుకి వంగి వింటోంది.

మేస్త్రి వంతు వచ్చింది. "రంపం" పక్కన నర్సు రాసిన మూడు నెలల సగటు, బోర్డు మీద అందరికన్నా ఎక్కువ.

"మేస్త్రి గారూ, ఇంట్లో రీడింగులు చూస్తే బంగారం. ఈ రక్తపరీక్ష చూస్తే ఇంకో మాట చెబుతోంది" అంది డాక్టరమ్మ.

కూతురు చటుక్కున లేచింది. "మీ ల్యాబులోనే ఏదో పొరపాటు జరిగుంటుందండీ. రోజూ రీడింగ్ నేనే రాసుకుంటున్నాను. కావాలంటే ఫోన్ చూడండి. నాన్నకి ఇన్సులిన్ అక్కర్లేదు."

నర్సు రూలు గుర్తుచేయబోయింది. డాక్టరమ్మ వద్దన్నట్టు చూసింది. ఈలోగా డ్రైవరు మేస్త్రి వైపు వంగాడు.

"మేస్త్రీ, ఏమనుకోకు. ఆ వేలెవరిది?"

"ఏ వేలు?"

"అదేనయ్యా, రోజూ పొడిచే వేలు. మా ఆవిడకి చూపించడానికి నేను మా కండక్టరు వేలు వాడుకున్నాను. పాపం, టీ పోయిస్తే చాలు, చెయ్యి చాపేవాడు."

ఈసారి నవ్విన వాళ్లు కొందరే. మిగతా వాళ్లు తమ చేతుల వంక చూసుకున్నారు. జవాబు వెనక వరసలోంచి వచ్చింది.

"నాది."

కూతురు గిరుక్కున తిరిగింది. "అమ్మా! నీకేమైనా మతిపోయిందా?"

"అరవకు. ఇక్కడ కూడానా?" అంది తల్లి. "అంకె పెరిగిన రోజు ఆయన్ని నిలబెట్టి అడుగుతావు. నువ్వు బడికెళ్లాక కూడా ఆయన కంచం ముందు తల దించుకునే కూర్చునేవారు. ఆయన అడగలేదే. చూడలేక నేనే వేలు చాపాను."

"కళ్లు ఎలా ఉన్నాయి మేస్త్రి గారూ?" డాక్టరమ్మ నెమ్మదిగా అడిగింది.

ఆయన కుర్చీ అంచుని బొటనవేలితో తడిమాడు. "గీత రెండుగా కనపడుతోందమ్మా. చేత్తో తడుముకుని కోస్తున్నాను."

అది కూతురి కళ్లకి కట్టింది. గిర్రున తిరిగే రంపం, దాని పక్కనే తడుముకునే ఆ వేళ్లు. తల్లి రక్తం లెక్కలు చూపించి, తండ్రి కళ్లని కాపాడాల్సిన మందు ఆపబోయింది తను.

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"ఎలా చెప్పమంటావు తల్లీ? మనింట్లో చదువుకున్నదానివి నువ్వొక్కదానివే. నీ ముందు రోజూ ఫెయిలవ్వడం నావల్ల కాలేదు."

డాక్టరమ్మ కోప్పడలేదు. "ఇప్పుడైనా తెలిసింది, సంతోషం. ఇవాళే పక్క బ్లాకులో కళ్లు చూపిద్దాం. ఇన్సులిన్ కూడా ఇవాళే మొదలు. చూపు తేరుకునేదాకా రంపం జోలికి వెళ్లొద్దు" అని మీటరు ఆయన చేతికిచ్చింది.

"వేలి కొస మీద వద్దు మేస్త్రీ, పక్కన పొడుచుకో. పని చేసుకునేటప్పుడు సలపదు" అన్నాడు డ్రైవరు. గరిటె లేచి వచ్చి, ఆ చెయ్యి కదలకుండా కింద తన అరచెయ్యి ఆనించింది.

మీటరు కూతపెట్టింది. అంకె చూసిన నర్సు ఏమీ అనకుండా బోర్డు మీద రాసింది. మూడు వందలు దాటింది. ఒక్కరూ నొసలు చిట్లించలేదు. "నిజం చెప్పింది కదా, ఇక దానికి మందుంది" అన్నాడు మిఠాయి కొట్టాయన.

మేస్త్రి మాత్రం వెనక్కి తిరిగి కూతురి ముఖంలోకి చూశాడు. ఎప్పటి ప్రశ్నలన్నీ ఆమె నాలుక చివరిదాకా వచ్చాయి. కాయలు కాసిన ఆ వేలు మీద చిన్న ఎర్రటి చుక్క ఇంకా ఆరలేదు.

"నొప్పి పుట్టిందా నాన్నా?"

"కొంచెం" అన్నాడు. అనేసి చిన్నపిల్లాడిలా కళ్లు తుడుచుకున్నాడు.

"బాగుందమ్మా! ఆయన ఒక్కసారి పొడుచుకుంటే నొప్పి పుట్టిందా అంటావు. ఇన్నాళ్లూ పొడిపించుకున్నదాన్ని నేను" అంది తల్లి, ముక్కు చీదుకుంటూ.

గదంతా నవ్వింది. కూతురూ నవ్వబోయి ఏడ్చేసింది. తల్లి చేతిని ఒళ్లోకి తీసుకుని, ఒక్కో వేలూ తిప్పి చూస్తూ, సమావేశం అయ్యేదాకా వదల్లేదు.