అత్తగారి బలం మాత్ర

"నా సీసాలో మాత్రలు ఎవరు తింటున్నారు ఈ ఇంట్లో?" అంది అత్తగారు, సీసాను చెవి దగ్గర ఆడించి చూసుకుంటూ. "ఎలుకలకి కూడా బలం కావాల్సి వచ్చిందా?"

కోడలు నవ్వింది. టిఫిన్ డబ్బాకి మూత పెట్టబోయి, ఏది దేనిదో తేలక, రెండు మూతలూ చేతుల్లో పట్టుకుని నిలబడిపోయింది. ఈమధ్య ఇది మామూలైపోయింది. ఒక కన్ను మసకబారడంతో, కాళ్ల తిమ్మిరితో మొదలైన జబ్బుకి మల్టిపుల్ స్క్లెరోసిస్ అని పేరు చెప్పింది డాక్టరమ్మ. నరాలకి తొడుగులా ఉండే పొర అక్కడక్కడా దెబ్బతింటుందట. కన్ను బాగుపడింది, కాళ్లూ కాస్త తేరుకున్నాయి. ధ్యాసే నిలవడం లేదు.

బట్టల కార్ఖానాలో ఆమెది కటింగ్ బల్ల. అక్కడ అందరూ కత్తెరమ్మ అంటారు. గుడ్డని పొరలు పొరలుగా పరిచి, పైన నమూనా కాగితం పెట్టి, అన్నిటినీ ఒకేసారి కోస్తారు. పరచడంలో తప్పు జరిగితే దొంతరంతా పోయినట్టే. క్రితం నెల వెల్వెట్ నూగు ఎటు వాలుతోందో చూసుకోకుండా సగం పొరలు తిరగేసి పరిచింది. కుట్టాక చూస్తే, నూగు ఎదురు తిరిగినచోట రంగు మారి, ఒకే కోటుకి ఒక చెయ్యి నల్లగా, ఇంకో చెయ్యి బూడిద రంగులో ఉంది. యజమానురాలు తిట్టలేదు. కొన్నాళ్లు గుండీలు సరిచూసే బల్ల దగ్గర కూర్చోమంది. తిట్టి ఉంటేనే బాగుండేదనిపించింది.

అప్పుడే డాక్టరమ్మ ధ్యాస కోసం ఒక ఉత్తేజక మాత్ర రాసింది. "ఈ జబ్బులో ఇది కొందరికి పనిచేస్తుంది, కొందరికి చెయ్యదు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి చూద్దాం. గుండె దడగా ఉన్నా, నిద్ర పట్టకపోయినా వెంటనే చెప్పాలి" అంది. వేసుకుందో లేదో ఆమె మర్చిపోతుందని, మందులన్నీ భర్తే కొనితెచ్చి ఆదివారం ఆదివారం, రోజుకో గది ఉండే వారం డబ్బాలో సర్దుతున్నాడు. వారాలు గడిచినా మార్పు లేదు. కటింగ్ బల్ల ఇక తనవల్ల కాదని ఇవాళ యజమానురాలికి చెప్పేద్దామనుకుంది.

వారం డబ్బాలోంచి మాత్ర తీసి అరచేతిలో వేసుకుంది. అత్తగారు వంగి చూసింది.

"ఇదేంటే అమ్మాయ్, ఇది నాది కదా."

"మీది కాదత్తయ్యా. ధ్యాస కోసం రాసిన మాత్ర."

"నా మాత్ర నాకు తెలీదా? పచ్చగా, కోలగా. వాసన చూడు, తుప్పు పట్టిన మేకు వాసన రాలేదూ?"

ఆమె వాసన చూసింది. అత్తగారి సీసాలోంచి ఒకటి తీసి పక్కన పెట్టింది. రెండూ ఒకటే.

"ఏవండీ. ఇదేంటి?"

అద్దం ముందు చొక్కా గుండీలు పెట్టుకుంటున్న భర్త చేతులు ఆగిపోయాయి. అతను కాలేజీ హాస్టల్లో వార్డెను. తప్పుచేసి దొరికిన పిల్లల ముఖాలు రోజూ చూసే మనిషి. ఇప్పుడు అదే ముఖం తనది.

"కూర్చో, చెప్తాను."

"నిలబడే వింటాను."

"డాక్టరమ్మ రాసినవి మంచి మాత్రలు కావు. పరీక్షలప్పుడు రాత్రుళ్లు మేలుకోవడానికి మా హాస్టల్ పిల్లలు దొంగచాటుగా మింగేవి అవే. ఒకణ్ణి నేనే ఆసుపత్రికి మోసుకెళ్లాను. వాడి గుండె కొట్టుకోవడం నా వీపుకి తెలిసింది. అలాంటిది నా చేత్తో నీకెలా ఇస్తాను?"

"వాళ్లకి ఎవరూ రాసివ్వలేదు. నాకు బీపీ చూసి, గుండె చూసి రాశారు."

"నీ మంచికే కదా చేశాను."

"నా మంచికా?" అంది ఆమె. "మొన్న పాలు మాడిపోతే ఏమన్నారు? కాస్త మనసు పెట్టి చెయ్యమన్నారు. నా మందు దాచేసి, నన్ను మనసు పెట్టమన్నారు. రోజూ ఇది మింగి, బస్సులో కూర్చుని షాపుల బోర్డులు చదువుకునేదాన్ని. దిగేసరికి ఒక్కటైనా గుర్తుందా అని చూసుకునేదాన్ని. ఉండేది కాదు. మందుకి కూడా లొంగని తల నాది అనుకున్నాను. ఇవాళ బల్ల వదిలేస్తానని రాత్రి చెబితే మీరేం చేశారు? తల ఊపారు."

అతను తల వంచి మిగిలిన గుండీ పెట్టుకోబోయాడు.

"నోరు పెగలదేంరా?" అంది అత్తగారు. "ఇష్టం లేకపోతే ముఖం మీద వద్దని చెప్పాల్సింది. అడగకుండా మాత్ర మార్చడానికి ఇదేమన్నా నీ హాస్టలా? పైగా నా సీసా ఖాళీ చేసి, నన్ను కూడా ఇందులోకి లాగావు."

"అసలు మాత్రలు ఎక్కడున్నాయి?" అంది ఆమె.

"ఆఫీసు సొరుగులో. తాళం వేసి ఉంచాను."

"సాయంత్రం డాక్టరమ్మ దగ్గరికి తీసుకురండి. ఆవిడకి మీరే చెప్పాలి. ఆ సంగతి నేను ఎత్తను."

సాయంత్రం డాక్టరమ్మ బీపీ చూసింది, నాడి పట్టుకుంది. "ఇబ్బందులేమీ లేవు, ఫలితమూ లేదంటున్నారు. అయితే మోతాదు రెట్టింపు చేసి చూద్దాం" అని కలం అందుకుంది. ఆమె అన్నమాట ప్రకారం భర్త వైపు చూస్తూ ఊరుకుంది.

"వద్దండీ." అతను జేబులోంచి మాత్రలు తీసి బల్లమీద పెట్టాడు. "తను వీటిలో ఒక్కటి కూడా వేసుకోలేదు. నేనే మార్చాను."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టేసింది. "ఇవాళ రెట్టింపు రాశాక, రేపు మీకు మనసు మారి అసలువి ఇచ్చి ఉంటే? మీ భయం తప్పని నేననను. ఆ భయాన్ని ఇక్కడికి తెచ్చి ఉంటే జవాబు చెప్పేదాన్ని. ఈవిడ ఒంటి సంగతి ఈవిడకే తెలియకుండా చేశారు మీరు."

మళ్లీ తక్కువ మోతాదు నుంచే మొదలుపెట్టమంది. ఈసారి మాత్రలు ఆమె చేతికే ఇచ్చింది. రోజూ వేసుకోగానే అత్తగారికి చెప్పమంది.

బయట వరండాలో బెంచీ మీద అతను తల వంచుకుని ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు, లేచి పోనూ లేదు.

"ఇది కూడా పనిచెయ్యకపోతే?" అన్నాడు కళ్లు తుడుచుకుని.

"చెయ్యలేదని నాకు తెలుస్తుంది. అప్పుడు బల్ల వదులుకున్నా నేనే వదులుకుంటాను."

"ఇవాళ చెప్పేశావా మీ యజమానురాలికి?"

"లేదు. కొన్నాళ్లు ఆగమన్నాను." ఆమె బెంచీ పట్టుకుని లేచింది. "నా కోపం పోలేదు. మెట్లున్నాయని పట్టుకోమంటున్నాను, అంతే."

అతను చెయ్యి చాపబోయి, ఆగి, "ఏ వైపు?" అని అడిగాడు.

"ఎడమ వైపు" అంది ఆమె.