వాత మచ్చ మీద చేయి

“నువ్వు పెట్టిన వాతే గదా అత్తా, ఇయ్యాల కణితై కూసుంది. మా తమ్ముని సంసారం ఆగమైంది” అని జంపక్క కొత్తగూడెం క్వార్టర్‌లో అందరి ముందూ అనేసింది. గోరి అల్లుడు, బొగ్గు బావిలో పనిచేసే కోటేష్‌కు అక్క ఆమె. ఆ మాట గోరి తనకు తాను అనుకోని రోజు లేదు...

కూతురు సరళ పసిపిల్లగా ఉన్నప్పుడు జ్వరంతో కళ్లు తేలేస్తే, అడవి అంచు తండాలో తల్లులంతా చేసినట్టే గోరి కూడా పసుపు కొమ్ము కాల్చి బిడ్డ భుజం వెనుక ఆనించింది. జ్వరం తగ్గింది. మచ్చ మిగిలింది. సరళ చదువుకుని గురుకులంలో టీచరయింది, పెళ్లయింది. ఆ చోట ఉబ్బడం మొదలైతే వాత మచ్చే పెరుగుతోందని అందరూ ఊరుకున్నారు. పుట్టింటికి వచ్చిన బిడ్డకు తలంటి పోస్తుంటే గోరి చేయి అక్కడికి రాగానే పక్కకు తప్పుకునేది. “నొస్తదా బిడ్డా?” అంటే “లేదు యాడీ” అనేది సరళ, అమ్మను తండా మాటలో పిలుస్తూ. ఆ మాట నమ్మడం తల్లికి ఎంత హాయిగా ఉండేదో! తల్లి ప్రేమకు కూడా పిరికితనం ఉంటుంది మరి.

దవాఖానాలో ముక్క తీసి చూస్తే ఏ రకం కణితో తేలలేదు. ఆ ముక్కను జన్యు పరీక్షకు హైదరాబాదు పంపారు. మందు దొరుకుతుందా అని ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తుంటే, గోరి మాత్రం ‘నా వల్ల కాదంటే చాలు దేవుడా’ అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఫలితం వచ్చిందని కబురు రాగానే గోరి, సరళ, కోటేష్ ముగ్గురూ హైదరాబాదు రైలెక్కారు.

“చర్మం కింద మెత్తటి కండలో పుట్టే చాలా అరుదైన కణితి ఇది” అంది డాక్టరమ్మ. “రెండు జన్యువులు తెగి ఒకదానికొకటి అతుక్కున్నాయి. తల్లిదండ్రుల నుంచి వచ్చింది కాదు. వాత వల్ల వచ్చిందనడానికీ ఏమీ లేదు.”

“మరి మందున్నదా మేడం?” అన్నాడు కోటేష్.

డాక్టరమ్మ రిపోర్టు మూసింది. “మొదట్లోనే వచ్చి ఉంటే కోసి తీసేసేవాళ్లం. ఇప్పుడు ఊపిరితిత్తులకు పాకింది. నొప్పి తెలియకుండా మందులిస్తాను.”

ఇంటికొచ్చాక జంపక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. “నోరు జారిన అత్తా, మనసుల పెట్టుకోకు” అంది. గోరి తల ఊపింది. కోరుకున్నదే దొరికింది... దాన్ని ఏం చేసుకోవాలో ఆమెకు తెలియలేదు.

మర్నాడు పొద్దున సరళ పెరట్లో పీట వేసుకుని కూర్చుంది. “తలకు నీళ్లు పొయ్యి యాడీ” అంది. కుంకుడు రసం రుద్దుతూ రుద్దుతూ గోరి చేయి అలవాటుగా పక్కకు తప్పుకుంది. సరళ ఆ చేతిని పట్టుకుని భుజం వెనక్కి తీసుకెళ్లి గడ్డ మీద పెట్టింది.

“ఇంకా దేనికి భయం? నీ వల్ల కాదని చెప్పిండ్రు గదా.”

గడ్డ వేడిగా ఉంది.

“నొస్తదా బిడ్డా?”



“అవ్ యాడీ, నొస్తది... శానా ఏండ్ల సంది నొస్తుంది. చెప్తే నువ్వు ఏడుస్తవని చెప్పలే.”

గోరి చేయి తీయలేదు. బకెట్లో నీళ్లు చల్లారిపోయేదాకా అలాగే ఉండిపోయింది.