ఎడమవైపు ట్యూబు

నాన్న పేరు అంటించిన ట్యూబులో ఉన్నది నాన్న రక్తం కాదు.

గ్రూపు తేల్చే మందు కొత్తగా వస్తే, ముందు గ్రూపు తెలిసినవాళ్ళ రక్తం మీద వేసి చూడటం ల్యాబులో అలవాటు. పొద్దున ఇంట్లో తీసి తెచ్చిన అమ్మానాన్నల రక్తం ఉంది కదా అని కూతురు దాన్నే వాడింది. ఇద్దరి గ్రూపులూ తారుమారుగా వచ్చాయి. మళ్ళీ వేసింది. మళ్ళీ అంతే.

బయటివాళ్ళకైతే పక్కనుంచి లేవకముందే పేరు అంటిస్తుంది. సొంతిల్లే కదా అని నాన్నది ఎడమవైపు, అమ్మది కుడివైపు బల్లమీద పెట్టి, చేతులు కడుక్కొచ్చి తీరిగ్గా అంటించింది. మూడు నెలల కిందటా అంతే చేసింది.



అప్పుడు ఇద్దరి బీపీ ఒకేలా, ఉండాల్సిన గీతకు కొంచెం పైన ఉంది. నాన్న గుమ్మం పట్టని మనిషి. కొలెస్ట్రాల్, షుగరు అన్నీ ఆయన పేరుమీదే చెడ్డగా వచ్చాయి. ఉప్పు మానెయ్, బరువు తగ్గు, లేకపోతే గుండెకు ముప్పు అన్నాడు డాక్టరు. ఆ రిపోర్టు చూసి, రేవులో క్రేన్ నడిపే ఆయన్ని దింపి గోదాములో కుర్చీ వేశారు. పుల్లలా ఉండే అమ్మ రిపోర్టు మాత్రం ముత్యంలా వచ్చింది. ఎవరికీ అనుమానం రాలేదు.

ఇవాళ్టి అంకెలు కూడా చూసుకుని ఇంటికి పరుగెత్తింది. ఇద్దరూ భోజనానికి కూర్చుని ఉన్నారు.

"సమయానికొచ్చావు," అంది అమ్మ. "ఉప్పు డబ్బా చెప్పుల వెనకాల దొరికిందే. రోగం ఈయనకి, పథ్యం నా నాలుక్కీనా?"

చిటికెడు తీసి కూర మీద చల్లబోయింది. నాన్న ఆమె కంచం తన వైపు లాక్కున్నాడు.

"వద్దే."

"నాకేమైందని? మెట్లెక్కితే కాస్త ఆయాసం. వయసు రాదా?"

కూతురు బ్యాగు కూడా దింపలేదు. "నాన్నా, ఎడమవైపు ట్యూబు కుడివైపుకి ఎవరు జరిపారు?"



"ఏం ట్యూబే?" అంది అమ్మ.

"ఆ మంచి రిపోర్టు నాన్నదమ్మా. చెడ్డది నీది. ఇవాళ ఇంకా పెరిగింది."

"అంటే ఈయనకేం లేదా?" అమ్మ ముందు ఊపిరి పీల్చుకుంది. తర్వాత వేళ్ళ మధ్య మిగిలిన ఉప్పును చూసుకుంది.

నాన్న తన కంచం పక్కకు నెట్టాడు.

"నేనే జరిపా. ఈ ఒంటికి రిపోర్టు చెడ్డగా వస్తే క్రేన్ ఎక్కనివ్వరని భయమేసింది. మీ అమ్మ సన్నగా ఉంటుంది, దానికేముంటుందిలే అనుకున్నా. రిపోర్టొచ్చాక నోరు పడిపోయింది. చెబితే మోసం చేశానని ఆ కుర్చీ కూడా ఉండనివ్వరు. అందుకే నా పేరు చెప్పి దానికి పథ్యం పెట్టించా. తోడు రమ్మని నడిపించా. ఉప్పు దాచా. ఈసారి తగ్గితే ఇంకెవరికీ చెప్పక్కర్లేదని పొద్దున మళ్ళీ మార్చా. కానీ ఎక్కడ దాచినా వెతుక్కుని, నా ఎదురుగానే కూర్చుని చల్లుకునేది. చెయ్యి పట్టుకుని, ఆ రక్తం నీదేనే అని ఒక్క మాట... ఆ ఒక్క మాట అనలేకపోయానమ్మా."