రెండో కాగితం

శవం మూడో వార్డులో, కిటికీ పక్క మంచం మీద ఉంది.

కాలికి దెబ్బ తగిలి ఆస్పత్రిలో చేరిన లారీ మెకానిక్. తన కాళ్ళతో నడిచి వచ్చినవాడు. పొద్దున ఇంజెక్షన్ ఇచ్చారు. క్షణాల్లో ముఖం వాచింది. గొంతు పూడుకుపోయింది. డాక్టరు వచ్చేసరికి మనిషి లేడు.

మధ్యాహ్నానికల్లా దోషి కూడా దొరికిపోయింది. ఆస్పత్రి పెద్దలకు ఈ ఒక్క పనిలో ఎంత చురుకో! రోగి ఊపిరాడక అరిస్తే రాని మనుషులు, తప్పు నెత్తిన రుద్దడానికి ఎవరైనా కావాలంటే మాత్రం పరిగెత్తుకొస్తారు.

దొరికింది వార్డు నర్సు.

మందు రాసింది డ్యూటీ డాక్టరు. ఆయన సూపరింటెండెంటుగారి అల్లుడు. కాబట్టి పట్టుకున్నది నర్సును.

కేసు ఇన్‌స్పెక్టర్ చేతికొచ్చింది. స్టేషన్లో అతన్ని వెనకాల జిగురు అంటారు. అంటుకుంటే వదలడని. ఆ మాట అతనికి తెలుసు. తెలిసి మురిసిపోతాడు కూడా.

దుప్పట్ల గదిలో స్టూలు మీద కూర్చుని ఉంది నర్సు. పక్కన మహిళా కానిస్టేబుల్.

"ఆ మందు అతనికి పడదని రిపోర్టులో ఉందటగా?"

"లేదు సార్."

"ఉంది. సూపరింటెండెంటు చూపించాడు."

"నేను చూసినప్పుడు లేదు."

"పూర్తిగా చదవలేదేమో."

నర్సు తలెత్తింది. "పైనుంచి కిందిదాకా చదవందే సూది పట్టను సార్. వార్డులో ఎవర్నైనా అడగండి. లేని లైను ఎలా చదవమంటారు?"

"రేపు కోర్టులో ఈ మాట నిలబడదమ్మా. జైలుకెళ్తావు. ఈ జన్మలో ఇక ఏ ఆస్పత్రీ నిన్ను గడప తొక్కనివ్వదు."

"తెలుసు సార్. అయినా లేదు."

బయట వరండాలో మెకానిక్ భార్య గోడకు ఆనుకుని కూర్చుంది. బట్టలు కుట్టే మనిషి. మెళ్ళో కొలత టేపు ఇంకా అలాగే వేలాడుతోంది.

"అన్నా, చేర్చేటప్పుడే చెప్పాను. ఆ సూది ఆయనకు పడదని. కౌంటర్లో నా ముందే కంప్యూటర్లో ఎక్కించారు. నా కళ్ళతో చూశాను. ఆ నర్సును మాత్రం వదలకన్నా!"

ఇన్‌స్పెక్టర్ ఆగాడు. కంప్యూటర్లో ఎక్కింది. నర్సు కంటికి ఆనలేదు. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడాలి. కానీ ఇద్దరి ముఖాల్లోనూ అబద్ధం లేదు.

అబద్ధం ఎక్కడుందో చూడ్డానికి ఏసీ గదిలోకి వెళ్ళాడు.

సూపరింటెండెంటు లేవలేదు. కుర్చీ చూపించలేదు. బల్ల మీద సొంత ఫొటో, సొంత పేరు చెక్కిన ఇత్తడి పలక, సొంతంగా ఓ పెద్ద ప్రింటర్.

"ఇదుగోనయ్యా ఫైలు. చదువుకో. కింద స్పష్టంగా ఉంది."

ఫైల్లో రిపోర్టు ఒకే కాగితం. అడుగుభాగం పైకి మడిచి ఉంది. ఇన్‌స్పెక్టర్ మడత విప్పాడు. లోపల నల్లటి అక్షరాలు: పెన్సిలిన్ పడదు.

"చూశావుగా? మడత విప్పే ఓపిక కూడా లేదు మహాతల్లికి. ఈ కింది స్థాయి స్టాఫ్ అంతా ఇంతే."

"మడిచిందెవరు సార్?"

"ఏం ప్రశ్నయ్యా అది! ఫైల్లో పట్టకపోతే మడవరూ?"

ఇన్‌స్పెక్టర్ ఫైలు చంకలో పెట్టుకుని వార్డుకు వచ్చాడు. ప్రతి మంచం దగ్గరా ఫైలు తీసి చూశాడు. ఒక్క కాగితానికీ మడత లేదు. అన్నీ ఫైల్లో హాయిగా పట్టాయి.

గోడవార చెత్తబుట్ట నిండా తెల్లకాగితాలు.

"ఏంటివి?" ఆయాను అడిగాడు.

"రిపోర్టుల వెనకాల వచ్చేవే బాబూ. ఒకటి తీస్తే రెండొస్తాయి. రెండోది ఖాళీ."

"మొదట్నుంచీ ఇంతేనా?"

"ఈమధ్యే మొదలైంది. నర్సమ్మ పెద్దడాక్టరు సూపరింటెండెంటుగారికి చెప్పింది కూడా. ఖాళీ కాగితానికి కూడా నా ప్రాణం తీస్తారేం, అవతల పారెయ్యండి అన్నారు."

"ఇవాళ పొద్దుటి చెత్త?"

"ఎప్పుడో కాల్చేశారు బాబూ."

సాయంత్రం నాలుగింటికి అందర్నీ మూడో వార్డుకు పిలిపించాడు. సూపరింటెండెంటు, అల్లుడు, కంప్యూటర్లు చూసే ఉద్యోగి, నర్సు, మెకానిక్ భార్య.

"నాకు మీటింగుంది. తొందరగా కానివ్వు," అన్నాడు సూపరింటెండెంటు.

"ఆ చనిపోయిన మనిషికి ఏ మీటింగూ లేదు సార్. కాస్త ఓపిక పట్టండి." కంప్యూటర్ ఉద్యోగి వైపు తిరిగాడు. "ఆ మెకానిక్ రిపోర్టు ఇక్కడి ప్రింటర్లో తియ్యి."

అతను మీట నొక్కాడు. ప్రింటర్ గరగరలాడింది.

ఒక కాగితం వచ్చింది. పైన సగం మేర ఆస్పత్రి ముద్ర, సూపరింటెండెంటు పేరు, దాని వెనక తోకలా డిగ్రీలు. కింద ఇరుక్కుని రోగి వివరాలు. పెన్సిలిన్ మాట లేదు.

తర్వాత రెండో కాగితం వచ్చింది. దాని మీద రోగి పేరు పక్కన ఒకే లైను.

పెన్సిలిన్ పడదు.

ఇన్‌స్పెక్టర్ ఆ కాగితాన్ని కంప్యూటర్ ఉద్యోగి ముందు పెట్టాడు.

"ఇప్పుడు చెప్పు. ఇదేంటి?"

కంప్యూటర్ ఉద్యోగి ప్రింటర్ వైపు చూపించాడు. "ఇదివరకు డేటాబేస్‌లో ప్రతి యూజర్‌కీ విడిగా ప్రింటర్ సెట్టింగ్ ఉండేది సార్. ఎవరి కాగితం సైజు, ఎవరి మార్జిన్ వాళ్ళది. పెద్దసారు తన పేరు పెద్దక్షరాల్లో రావాలన్నారు. ఆయన ప్రింటర్లో పొడుగు కాగితం. దానికి తగ్గట్టు పెట్టాను. బాగుంది, అందరికీ ఇదే పెట్టెయ్ అన్నారు."

"వార్డుల్లో పొట్టి కాగితమని నీకు తెలియదా?"

"తెలుసు సార్."

"చివరి లైను జారిపోతుందని?"

"అనుకున్నాను సార్. కానీ పెద్దసారు చెప్పాక..."

"తలాడించావు. జీతం తలాడించడానికే ఇస్తున్నారు మరి!"

ఇన్‌స్పెక్టర్ ఫైల్లోని కాగితం తీసి, వార్డు కాగితం మీద పరిచాడు. వార్డు కాగితం కన్నా మూడు వేళ్ళ మేర పొడుగుంది.

"చాలామందికి పడని మందంటూ ఉండదు. కాబట్టి రెండో కాగితం ఖాళీగా వచ్చేది. పారేసి పారేసి చేతులకు అలవాటైంది. ఇవాళ అది ఖాళీ కాదు. అదీ చెత్తలోకే పోయింది. అంతవరకూ పొగరు. ఆ తర్వాతిది నేరం. మనిషి పోయాక మీరు ఫైలు చూశారు. ఆ లైను లేదు. వేలు మీ వైపూ, మీ అల్లుడి వైపూ తిరుగుతుందని తెలిసింది. వార్డు కాగితం తీసేసి, మీ గదిలో కొత్తది తీసి ఇందులో పెట్టారు. పొడుగు కాగితం. ఫైల్లో పట్టలేదు. మడిచారు."

"నోరు అదుపులో పెట్టుకో! నేనెవరో తెలుసా?"

"తెలుసు సార్. పేజీ సగం మీరే ఉన్నారుగా."

అల్లుడు గోడ వైపు చూస్తున్నాడు. కంప్యూటర్ ఉద్యోగి ముందుకొచ్చాడు. "పాత కాగితం పెద్దసారు నా ఎదుటే చింపేశారు సార్."

"లాయరు వచ్చేదాకా మాట్లాడను!" అన్నాడు సూపరింటెండెంటు.

"మంచిది. ఇన్నాళ్ళూ మీరు మాట్లాడిందే ఎక్కువ."

మెకానిక్ భార్య నర్సు వైపు తిరిగింది. నర్సు తల దించుకుంది.

"ఆ రెండో కాగితం పారేసింది నేనేనమ్మా. చూడకుండా పారేశాను."

ఆమె ప్రింటర్ దగ్గరున్న రెండో కాగితం తీసి చూసుకుంది.

హఠాత్తుగా నర్సు కంప్యూటర్ ఉద్యోగి చొక్కా పట్టుకుంది. "అందరికీ ఇదే సెట్టింగ్ అన్నావు. అందరికీ అంటే?"

"అన్ని... అన్ని వార్డులకీ."

"ఇప్పుడు కూడానా?"

అతను తలూపాడు.

నర్సు పరిగెత్తింది. అరెస్టులో ఉన్న మనిషినన్న సంగతి ఆమెకు గుర్తులేదు. పట్టుకోబోయిన కానిస్టేబుల్‌ను ఇన్‌స్పెక్టర్ ఆపి, తనూ వెనకాలే పరిగెత్తాడు.

పక్కనే పిల్లల వార్డు. సాయంత్రం ఇంజెక్షన్ల వేళ. నర్సు చెత్తబుట్టను నేలమీద బోర్లించి మోకాళ్ళ మీద కూలబడింది. తెల్లవి. అన్నీ తెల్లవి. ఇన్‌స్పెక్టర్ కూడా కింద కూర్చుని ఏరసాగాడు.

ఇంకో జత చేతులు వచ్చి కాగితాల్లో పడ్డాయి. మెకానిక్ భార్యవి.

కాసేపటికి ఆ చేతులు ఆగాయి.

"ఇది ఖాళీ కాదు," అని నర్సుకు అందించింది.

నర్సు అందులోని రోగి పేరూ, పక్కనున్న 'పెన్సిలిన్ పడదు' అన్న లైనూ చదివింది. ఆ పేరుది తలుపు పక్క మంచం. పాప నిద్రపోతోంది. ఆ వార్డు సిస్టర్ పాప చెయ్యి పట్టుకుని దూది అద్దుతోంది. రెండో చేతిలో సిరంజి.

"దించు అక్కా!" అని అరిచింది నర్సు. "దించు! ఆ సూది దించు!"

సిస్టర్ ఉలిక్కిపడింది. చూసింది. సిరంజి ట్రేలో పెట్టింది.