సొరుగులో కొట్టుకునేది

ఆ సాయంత్రం ఇంట్లో గొడవ నేనే మొదలుపెట్టాను.

"రేపు చెల్లి పరుగెత్తదు," అన్నాను. "ముందు గుండె స్కాన్. తర్వాతే పోటీలు."

నాన్న పేపర్ మడిచి పక్కన పడేశారు. "నీ రిపోర్టు బాగానే వచ్చిందిగా! దానికి మాత్రం ఏమవుతుంది?"

"అన్నయ్య గుండె కండరం దళసరెక్కింది. తిండి వల్లో తిరుగుడు వల్లో వచ్చే జబ్బు కాదు నాన్నా, రక్తంలో దిగేది. ఒకరికి ఉంటే ఇంటిల్లిపాదీ చూపించుకోమని డాక్టర్ మొత్తుకున్నాడు. నాకు లేకపోతే చెల్లికీ లేనట్టా? ఇదేం లెక్క?"

"అక్కది గుండె కాదు నాన్నా, బండరాయి," అంది చెల్లి స్కిప్పింగ్ తాడు భుజాన వేసుకుంటూ. "రాయికి జబ్బేంటి?"

నవ్వుకుంటూ మేడెక్కింది. రేపు జట్టు ఎంపిక. స్కాన్ తీస్తే పరుగు ఆపమంటారని నాన్న భయం. తీయకపోతే ఆగేది పరుగొక్కటే కాదని నా భయం.

విసురుగా అన్నయ్య గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. మూసిన కర్టెన్లు. పాత మందుల వాసన, దాని అడుగున అన్నయ్య రాసుకునే నొప్పి బామ్ వాసన, ఇంకా పోలేదు. గుండె లయ తప్పితే షాక్ కొట్టి దారికి తెచ్చే డివైస్ ఒకటి అన్నయ్య ఛాతీలో అమర్చారు. అది చాలాసార్లు లేపింది. ఆఖరిసారి కూడా లేపింది గానీ, అన్నయ్యే లేవలేదు. అంత్యక్రియలకు ముందు దాన్ని ఆపేసి, బయటికి తీసి, మా చేతికిచ్చారు. అమ్మ ఒక స్టీలు డబ్బాలో పెట్టి సొరుగులో దాచింది. డివైస్ రికార్డింగులను ఆసుపత్రికి పంపే పెట్టె మాత్రం మంచం పక్కనే ఉంది. "ఆ పచ్చ లైటు వెలుగుతుంటే వాడు పడుకున్నట్టే ఉంటుందే, ఉండనీ," అంది అమ్మ.

ఫోన్ మోగింది. గుండె ఆసుపత్రి నర్సు.

"మీ అన్నయ్యగారి రికార్డింగులు వస్తున్నాయమ్మా. మధ్యమధ్య లయ తప్పుతోంది. ఒకసారి తీసుకురండి."

"అన్నయ్య చనిపోయాడండీ..."

"మరి డివైస్ ఎవరి ఒంట్లో ఉంది?"

"సొరుగులో ఉంది."

అటువైపు కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

"పెట్టె మీద బటన్ నొక్కండి," అంది నెమ్మదిగా. "చూస్తాను."

నొక్కాను. అప్పుడే పైన చెల్లి తాడాట మొదలుపెట్టింది. ధప్... ధప్... ధప్...

"పెరుగుతోంది," అంది నర్సు.

పైన చప్పుడు ఆగింది.

"తగ్గుతోంది."

మళ్లీ... ధప్... ధప్...

"మళ్లీ పెరుగుతోంది. అక్కడ ఎవరైనా గెంతుతున్నారా?"

"మా చెల్లి... మేడ మీద..."

"ఆపమనండి." ఆమె గొంతు మారిపోయింది. "లయ తప్పింది... అమ్మా, ఆపమనండి!"

నేను అరిచేలోపే పైన ఏదో బరువుగా కూలింది.

అదే క్షణంలో సొరుగులో డబ్బా ఎగిరిపడింది. మూత ఊడి దొర్లిన చప్పుడు...

ఎలా పరుగెత్తానో తెలియదు. చెల్లి నేల మీద ఉంది. ఛాతీ పట్టుకుని, కళ్లు విప్పార్చి చూస్తోంది.

"అక్కా..." అని గొణిగింది. "అన్నయ్య గుండెల మీద ఒక్కటిచ్చాడే..."

దాని చొక్కా నిండా బామ్ వాసన.

నాన్న వాదించలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా కారు తీశారు. స్కాన్‌లో అచ్చం అన్నయ్య గుండెలాంటి గుండె కనబడింది. దళసరి గోడ, ఇరుకు దారి. ఇక పోటీలు లేవు, దీనికీ డివైస్ పెట్టాలి అన్నారు. అమ్మ దాని దగ్గరే ఉండిపోయింది. బట్టల కోసం నేనూ నాన్నా ఇంటికొచ్చాం.

నాన్న అన్నయ్య మంచం మీద కూలబడ్డారు. "నేనూ చూపించుకుంటానే," అన్నారు నేలకేసి చూస్తూ. మేడ మీంచి తెచ్చిన చెల్లి తాడుతో నేను పక్కన కూర్చుని, పెట్టె ప్లగ్గు లాగేశాను. పచ్చ లైటు ఆరిపోయింది.

ఫోన్ మోగింది. అదే నర్సు.

"మీ అన్నయ్యగారి రికార్డింగు మళ్లీ వస్తోంది. మీ చెల్లిని అప్పుడే ఎందుకు నడిపిస్తున్నారు?"

"అది వార్డులో నిద్రపోతోందండీ. అమ్మ పక్కనే ఉంది."

"మరి ఇక్కడ పెరుగుతోందే... ఎవరో మెట్లెక్కుతున్నట్టు..."

నాన్న మణికట్టు పట్టుకున్నాను. నాడి తాపీగా కొట్టుకుంటోంది.

"ఆగింది," అంది నర్సు. "పైకి చేరినట్టున్నారు."

నాన్న తలెత్తి కప్పుకేసి చూశారు. నేనూ చూశాను.

ధప్... ధప్... ధప్...

తాడు నా ఒళ్లోనే ఉంది.